ఎవరికీ అక్కర్లేని సాలీడుకు ఒక ఇల్లు



ఈ రోజు నేను మాట్లాడబోయేది టరాంటులాల గురించి. ఒళ్ళంతా నూగుతో, కాళ్ళు చాపితే మన అరచేయంత ఉండే పెద్ద సాలీళ్ళు ఇవి. ఇంగ్లండ్, జర్మనీ, అమెరికా లాంటి దేశాల్లో వీటిని ఇళ్ళల్లో పెంచుకునే అలవాటు కొన్ని దశాబ్దాలుగా ఉంది. నేను ఇంగ్లండ్‌లో ఉంటాను. ముచ్చటపడి కొనుక్కుని, కొన్నేళ్ళు పెంచి, తర్వాత వద్దనుకున్న టరాంటులాలను తెచ్చి మా ఇంట్లో సాకుతున్నాను. కుక్కనో పిల్లినో చేరదీశామంటే ఎందుకని ఎవరూ అడగరు. సాలీడును చేరదీశామంటే మాత్రం తప్పకుండా అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలనే ఈ ప్రసంగం.

ముందు ఇవి దిక్కులేనివి ఎందుకవుతున్నాయో చూద్దాం. అన్నిటికన్నా పెద్ద కారణం వీటి ఆయుష్షు. కొత్తగా పెంచేవాళ్ళు ఎక్కువగా కొనేవి రెండు రకాలు. ఒకటి మెక్సికో దేశపు ఎర్ర మోకాళ్ళ టరాంటులా, రెండోది చిలీ దేశం నుంచి వచ్చిన చిలీ రోజ్. వీటిలో ఆడవి ఇరవై ఏళ్ళ దాకా, బాగా చూసుకుంటే అంతకు మించి కూడా బతుకుతాయి. మగవాటి సంగతి వేరు. ఈడుకు వచ్చాక అవి ఏడాది, మహా అయితే రెండేళ్ళు ఉంటాయి. పదేళ్ళ పిల్లవాడు పుట్టినరోజుకు మారాం చేసి ఒక ఆడ సాలీడును కొనిపించుకుంటాడు. వాడికి 18 ఏళ్ళు వచ్చి యూనివర్సిటీకి వెళ్ళేనాటికి అది ఇంకా నడివయసులోనే ఉంటుంది. అమ్మానాన్నలకు దాన్ని ముట్టుకోవాలంటే భయం. ఇంకోచోట పసిబిడ్డ పుడుతుంది, మరోచోట అద్దె ఇంటివాళ్ళు ఒప్పుకోరు, ఇంకొక ఇంట్లో పెంచిన మనిషే కాలం చేస్తాడు. గాజు పెట్టె మాత్రం అలాగే మిగిలిపోతుంది.

ఇలాంటి సాలీళ్ళ దీర్ఘాయుష్షుకు ఆస్ట్రేలియాలో ఒక గొప్ప ఉదాహరణ ఉంది. టరాంటులాలకు దూరపు చుట్టమైన ఒక బొరియ సాలీడును పశ్చిమ ఆస్ట్రేలియాలో బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974 నుంచి గమనిస్తూ వచ్చారు. బొరియ పక్కన గుర్తు నాటి దానికి 16 అనే నంబరు ఇచ్చారు. అది 2016లో, 43వ ఏట, ఒక కందిరీగ జాతి పురుగు దాడి వల్ల చనిపోయింది. ఒక్క బొరియలో 43 ఏళ్ళు! సాలీడంటే చీపురుతో దులిపేసే నాలుగురోజుల పురుగని అనుకునేవాళ్ళు ఈ సంగతి ఒక్కసారి తలుచుకోవాలి.

ఇక చట్టం సంగతి. ఇంగ్లండ్, వేల్స్‌లలో జంతు సంక్షేమానికి 2006లో చేసిన చట్టం ఉంది. పెంచుకునే ప్రాణికి తిండి, నీరు, తగిన వసతి, వైద్యం చూడాల్సిన బాధ్యత యజమానిదేనని అది చెబుతుంది. అయితే ఆ చట్టం వెన్నెముక ఉన్న ప్రాణులకే వర్తిస్తుంది. సాలీడుకు వెన్నెముక లేదు కాబట్టి దాని కష్టం ఆ చట్టం కిందికి రాదు. మన భారతదేశంలో 1960లో వచ్చిన జంతు హింస నివారణ చట్టం ఈ విషయంలో విశాలమైనది. రుక్మిణీదేవి అరండేల్ పార్లమెంటులో పట్టుబట్టడం వల్ల వచ్చిన చట్టం అది. జంతువు అంటే మనిషి తప్ప ప్రాణమున్న ఏదైనా అని అందులో స్పష్టంగా రాశారు. ఆకలిదప్పులతో మాడేలా ఏ ప్రాణినైనా వదిలేయడం ఆ చట్టం దృష్టిలో నేరం. లింగానికి గూడు అల్లిన సాలీడుకు శ్రీకాళహస్తిలో దేవుడి పేరులో చోటిచ్చిన దేశానికి అలాంటి చట్టం ఉండడం సబబుగానే ఉంది.

చట్టం రక్షణ లేనిచోట మనుషులే పూనుకోవాలి. బ్రిటన్‌లో టరాంటులాలను పెంచేవాళ్ళకు 1980ల నుంచి ఒక సంఘం ఉంది. అనుభవమున్నవాళ్ళు కొత్తవాళ్ళకు పద్ధతులు నేర్పుతారు. ఫలానా ఇంట్లో ఒక సాలీడు వద్దనుకుంటున్నారట అని కబురు వస్తే, తెలిసినవాళ్ళలో ఎవరో ఒకరు వెళ్ళి తెచ్చుకుంటారు. నాకు వచ్చేవి చాలావరకు అలా వచ్చినవే.

వాటిలో ఒకదాని గురించి చెబుతాను. మా ఊళ్ళోనే ఉండే ఒక తెలుగు కుటుంబం నుంచి ఒకరోజు ఫోన్ వచ్చింది. "అన్నయ్యగారూ, అబ్బాయి చదువుకోడానికి వెళ్ళిపోయాడండీ. వాడి సాలీడు నాలుగు నెలలుగా ఏమీ తినడం లేదు. చచ్చిపోతుందేమోనని భయంగా ఉంది. అలాగని బయట పడేయడానికి మనసు ఒప్పడం లేదు" అందావిడ. "ముందు ఆ పెట్టె మీద లైటుంటే ఆర్పేయమ్మా. చిన్న మూతలో నీళ్ళు పోసి లోపల పెట్టు. సాయంత్రం వస్తాను" అన్నాను.

వెళ్ళి చూస్తే అది చిలీ రోజ్, ఆడది. ఆడదని ఎలా తెలిసిందంటే, అది వదిలిన పాత కుబుసాన్ని అబ్బాయి ఒక జామ్ సీసాలో దాచాడు. పొట్ట భాగపు పొరను తడిపి విప్పి లోపలివైపు చూస్తే ఆడా మగా తేలిపోతుంది. పెట్టె నిలువుగా, ఎత్తుగా ఉంది. అడుగున చేపల తొట్టిలో వేసే రంగు రాళ్ళు. పైన ఇనప జల్లెడ మూత, దాని మీద వేడి పుట్టించే బల్బు. నీళ్ళ గిన్నెలో నీళ్ళు లేవు, ఎండిపోయిన స్పాంజి ముక్క ఉంది. దుకాణంలో ఇలాగే పెట్టమన్నారని ఆ తల్లి చెప్పింది. అందులో ఆమె తప్పేమీ లేదు. ఇందులోని ప్రతి వస్తువూ సాలీడుకు కీడు చేసేదే అన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు, అంతే.

ఎందుకు కీడో వివరంగా చెబుతాను. చిలీ రోజ్ నేల మీద బతికే ప్రాణి. దాని పొట్ట పలచటి సంచి. రెండడుగుల ఎత్తు నుంచి జారి రాయి మీద పడితే ఆ పొట్ట పగిలిపోతుంది. పగిలితే బతకడం కష్టం. అందుకే పెట్టెకు వెడల్పు కావాలి, ఎత్తు అక్కర్లేదు. మట్టి నుంచి మూత దాకా ఉండే ఖాళీ, దాని కాళ్ళ చాపుకు ఒకటిన్నర రెట్లు మించకూడదు. జల్లెడ మూత సందుల్లో కాలి గోళ్ళు ఇరుక్కుంటే అది తలకిందులుగా వేలాడి కాలు పోగొట్టుకుంటుంది. బల్బు వేడికి ఒంట్లో నీరు ఆరిపోతుంది. మనం చొక్కా వేసుకుని హాయిగా కూర్చోగలిగే గది వేడి దానికి చాలు. స్పాంజి సూక్ష్మక్రిములకు ఇల్లు. శుభ్రమైన నీళ్ళున్న మూత ఒక్కటుంటే అది తనంతట తాను తాగుతుంది.

ఆ సాయంత్రం దాని పొట్ట ముడుచుకుపోయి ఉంది, కాళ్ళు కాస్త లోపలికి వంకర తిరిగాయి. సాలీడు కాళ్ళను ముడవడానికి కండరాలున్నాయి గానీ, చాపడానికి ఒంట్లోని ద్రవాన్ని కాళ్ళలోకి తోస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే ఆ ఒత్తిడి చాలదు, కాళ్ళు ముడుచుకుపోతాయి. ఇంటికి తెచ్చి, దాని ముందు భాగం నీళ్ళ అంచున ఉండేలా మెల్లగా దించాను. కాసేపు కదల్లేదు. తర్వాత ముందు కాళ్ళతో నీటిని తడిమింది. నోటి భాగాన్ని నీటికి ఆనించి అలాగే ఉండిపోయింది. నేను భోంచేసి వచ్చేసరికి కూడా అదే భంగిమలో ఉంది. మర్నాటికి కాళ్ళు చక్కగా చాపుకుంది. ఆ వారంలోనే పొట్ట కాస్త గుండ్రబడింది.

దానికి ఇచ్చిన కొత్త ఇల్లు ఖరీదైనదేమీ కాదు. వెడల్పాటి ప్లాస్టిక్ పెట్టె, గాలికి పక్కల సన్నటి రంధ్రాలు. అడుగున అయిదారు అంగుళాల మందాన కొబ్బరి పొట్టు, పొడిగా, గట్టిగా అదిమి వేశాను. ఒక మూల సగానికి పగిలిన మట్టి కుండీని బోర్లించి పెట్టాను. దాక్కోడానికి చోటు దొరికిన సాలీడు కుదుటపడుతుంది. దొరకని సాలీడు రోజంతా గోడలెక్కుతూ దిగుతూ ఉంటుంది. కొత్తగా తెచ్చిన వారం పాటు తిండి పెట్టకుండా, పెట్టె కదపకుండా వదిలేయాలి.

మరి నాలుగు నెలల ఉపవాసం మాటేమిటి? అందులో భయపడాల్సింది లేదు. చిలీ రోజ్‌లకు నెలల తరబడి తినకుండా ఉండడం మామూలే. ఏడాది దాటిన సందర్భాలు కూడా పెంపకందారులకు బాగా తెలుసు. పొట్ట నిండుగా ఉండి నీళ్ళు అందుబాటులో ఉంటే కంగారు పడనక్కర్లేదు. తినే రోజుల్లో పెద్ద సాలీడుకు వారానికి ఒకటి రెండు కీచురాళ్ళు చాలు. అవి కూడా మేత కోసం పెంచినవే కావాలి. ఇంట్లోనో తోటలోనో పట్టిన బొద్దింకలు, మిడతలు వేయకూడదు. వాటి ఒంట్లో పురుగుమందు ఉండవచ్చు. దోమల మందు, బొద్దింకల స్ప్రే, కుక్కలకు పిల్లులకు పూసే గోమారుల మందు, ఇవన్నీ సాలీడుకు ప్రాణాంతకం. వీటిని వాడే గదిలో దాన్ని ఉంచకూడదు. తినకుండా మిగిలిన కీచురాయిని మర్నాటికల్లా తీసేయాలి. ఎందుకో ఇప్పుడు చెబుతాను.

టరాంటులా జీవితంలో అన్నిటికన్నా కష్టమైన ఘట్టం కుబుసం విడవడం. మన ఎముకలు లోపలుంటాయి, దాని గట్టి పెంకు పైనుంటుంది. పెరగాలంటే ఆ పెంకు వదలాల్సిందే. ముందు తిండి మానేస్తుంది. పొట్ట మీద నూగు రాలిన చోట చర్మం నల్లబడుతుంది. కొన్నాళ్ళకు నేల మీద సన్నటి పట్టు చాప అల్లుకుని, దాని మీద వెల్లకిలా పడుకుంటుంది. గంటల తరబడి చలనం ఉండదు. తర్వాత వీపు పెంకు అంచున చీలుతుంది. చేతి తొడుగులోంచి వేళ్ళు లాక్కున్నట్టు, ఎనిమిది కాళ్ళనూ ఒక్కొక్క కదలికతో కొంచెం కొంచెంగా పాత చర్మంలోంచి బయటికి తీసుకుంటుంది. కోరలు కూడా పాతవి పోయి కొత్తవి వస్తాయి. అప్పుడే వచ్చిన కోరలు తెల్లగా, మెత్తగా ఉంటాయి. తర్వాత ఎర్రబడి, చివరికి నల్లబడి గట్టిపడతాయి. ఆ మెత్తటి రోజుల్లో చిన్న కీచురాయి కూడా దాన్ని కొరికి చంపేయగలదు. కోరలు నల్లబడ్డాక కూడా మరికొన్ని రోజులు ఆగి మేత వేయాలి.

ఈ విషయం తెలియక జరుగుతున్న ఘోరం ఒకటుంది. వెల్లకిలా పడుకున్న సాలీడును చూసి చచ్చిపోయిందనుకుని చెత్తబుట్టలో పారేసేవాళ్ళున్నారు. శ్రోతలారా, దయచేసి గుర్తుంచుకోండి. టరాంటులా వెల్లకిలా ఉంటే కుబుసం విడుస్తోందని అర్థం. చనిపోయే సాలీడు కాళ్ళ మీదే ఉండి, కాళ్ళన్నీ పొట్ట కిందికి ముడుచుకుంటుంది. వెల్లకిలా ఉన్నదాన్ని ముట్టుకోవద్దు, తిప్పవద్దు, మీద నీళ్ళు చల్లవద్దు. ఒక రోజంతా దాని మానాన దాన్ని వదిలేయండి.

ఇక భయం గురించి. టరాంటులా కాటుతో మనిషి చనిపోయినట్టు రుజువైన సందర్భం ఒక్కటీ లేదు. ఉత్తర, దక్షిణ అమెరికాల రకాల్లో చాలావాటి కాటు నొప్పి తేనెటీగ కుట్టినంత. అయితే వాటికి ఇంకో ఆయుధం ఉంది. బెదిరినప్పుడు వెనక కాళ్ళతో పొట్ట మీది సన్నటి ముళ్ళ నూగును గాలిలోకి రేపుతాయి. అది చర్మానికి తగిలితే దురద, కంట్లో పడితే ప్రమాదం. 2009లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో ఒక యువకుడు తన చిలీ రోజ్ పెట్టె శుభ్రం చేస్తుండగా ఆ నూగు కంట్లో గుచ్చుకుంది. ఎర్రబడి నీరు కారుతున్న కన్నుతో ఆసుపత్రికి వెళితే, సూక్ష్మదర్శినిలో చూశాకే వైద్యులకు కారణం తెలిసింది. అందుకే పెట్టె తెరిచేటప్పుడు కళ్ళజోడు, చేతులకు తొడుగులు ఉండాలి. పొడవాటి పటకారు వాడాలి. చేతిలోకి తీసుకోవడం మానుకోవాలి. చేతిలోంచి జారిపడితే పోయేది దాని ప్రాణమే. దాన్ని కదిలించాలంటే ఒక డబ్బా ముందు పెట్టి, మెత్తటి కుంచెతో వెనక కాళ్ళను మెల్లగా తాకితే, తనే నడిచి లోపలికి వెళుతుంది.

ఆసియా, ఆఫ్రికా రకాలకు ఆ నూగు లేదు. విషం మాత్రం ఎక్కువ, వేగమూ ఎక్కువ. వీటి కాటుకు రోజుల తరబడి కండరాలు పట్టేసి బాధపెట్టవచ్చు. ఇవి అనుభవం లేనివాళ్ళు చేరదీయాల్సినవి కావు. వీటిలో ఒకటి మన తెలుగు నేల బిడ్డ కాబట్టి, దాని గురించి మీకు తప్పక చెప్పాలి.

1899లో రెజినాల్డ్ పోకాక్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక కొత్త సాలీడును లోకానికి పరిచయం చేశారు. లోహంలా మెరిసే నీలి ఒళ్ళు, కాళ్ళ మీద పసుపు మచ్చలు. అది దొరికింది మన అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప యార్డులో. అడవి నుంచి రైల్లో వచ్చిన కలపతోపాటు అక్కడికి చేరి ఉంటుందని తర్వాతి శాస్త్రవేత్తలు భావించారు. ఆ తర్వాత వందేళ్ళకు పైగా అది ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరుల మధ్య నల్లమల అడవిలో మళ్ళీ దొరికింది. పాత చెట్ల తొర్రలే దాని ఇల్లు. అది ఉండే చోటు వంద చదరపు కిలోమీటర్ల లోపేనని, తీవ్రంగా అంతరించే ప్రమాదంలో ఉందని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం ప్రకటించింది. ఆ అడవిలో ఒక్కో ముసలి చెట్టు నరికినప్పుడల్లా దాని తొర్ర ఒకటి పోతుంది.

మన దగ్గర ఇంత అరుదైన ఈ సాలీడు యూరప్, అమెరికా ఇళ్ళల్లో గుత్తి పేరుతోనే అమ్ముడవుతోంది. అక్కడ పెట్టెల్లోనే పిల్లలు పెట్టించి పెంచుతున్నారు. అలాంటిదొకటి, దాని యజమాని దేశం వదిలి వెళుతుంటే నా దగ్గరికి వచ్చింది. నల్లమల గాలి ఎన్నడూ తగలని ప్రాణి. దాన్ని తెచ్చి మన అడవిలో వదలడం కుదరదు, కూడదు కూడా. కాబట్టి దానికి నిలువు పెట్టెలో ఎండు చెట్టు బెరడు నిలబెట్టి, తొర్ర లాంటి చోటు చేసిచ్చాను. మన ఊరి పేరు మోస్తున్న ఆ ప్రాణికి అంతమాత్రం చేయడం నా బాధ్యత అనుకున్నాను.

ఇప్పుడు తెలుగు రాష్ట్రాల్లో వింటున్నవాళ్ళకు ఒక మాట. విదేశీ టరాంటులాల వ్యాపారం మన దేశంలోకీ వచ్చింది. 2021లో పోలండ్ నుంచి వచ్చిన ఒక పోస్టు పార్సిల్‌ను చెన్నై కస్టమ్స్ అధికారులు విప్పితే, వెండిరంగు రేకు, దూది చుట్టిన చిన్న చిన్న ప్లాస్టిక్ సీసాల్లో 107 ప్రాణమున్న సాలీళ్ళు కనిపించాయి. వాటిని వచ్చిన దేశానికే తిప్పి పంపారు. వన్యప్రాణుల వ్యాపారంపై ఉన్న అంతర్జాతీయ ఒప్పందం కింద రక్షణ ఉన్న జాతులను పెంచుకునేవాళ్ళు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలని 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం చెబుతోంది. దానికి నియమాలు 2024లో వచ్చాయి. ఎర్ర మోకాళ్ళ టరాంటులా ఆ జాతుల్లో ఒకటి. కాగితాలు లేని సాలీడును కొనకండి. అడవిలోంచి తెచ్చానని ఎవరైనా అమ్మజూపితే అటవీ శాఖకు చెప్పండి.

ఇప్పటికే పెంచుతూ, ఇక నావల్ల కాదు అనుకునేవాళ్ళు దాన్ని బయట వదిలేయకండి. చలి దేశంలో వదిలితే మొదటి శీతాకాలానికే చస్తుంది. వెచ్చటి చోట వదిలితే మరో ముప్పు. అమెరికాలోని ఫ్లోరిడాలో మెక్సికో రకం ఒకటి అలా బయటపడి, నిమ్మజాతి తోటల్లో సంతానం పెంచుకుని స్థిరపడినట్టు 1996లో గుర్తించారు. బాగా చూసుకునే మనిషి దొరికేదాకా ఓపిక పట్టండి. అప్పగించేటప్పుడు దాని జాతి పేరు, చివరిసారి కుబుసం విడిచిన తేదీ, చివరిసారి తిన్న తేదీ ఒక కాగితం మీద రాసివ్వండి. పాత కుబుసం ఉంటే అదీ ఇవ్వండి.

చేరదీయాలనుకునేవాళ్ళకు కూడా ఒక మాట. ఈ ప్రాణి మిమ్మల్ని గుర్తుపట్టదు. తోక ఊపదు, ఒళ్ళో కూర్చోదు. ఇరవై ఏళ్ళు సాకినా మీ మీద ప్రేమ చూపదు. మన దయకు బదులు ఆశించకుండా ఉండగలమా అని మనల్ని మనం ప్రశ్నించుకోవాల్సింది ఇక్కడే. ఉండగలం అనుకుంటేనే ముందుకు రండి. ముసలి మగ సాలీడు అయితే ఏడాదో, అంతకన్నా తక్కువో ఉంటుంది. దాన్ని కూడా కాదనకండి. ఆ కొద్ది కాలం నీళ్ళు, నీడ, నిశ్శబ్దం ఇస్తే చాలు.

మనిషి తన ముచ్చట కోసం ఒక ప్రాణిని దాని బొరియలోంచి తెచ్చి పెట్టెలో పెట్టాక, దాని బతుకు మన పూచీ అవుతుంది. ముచ్చట తీరినా పూచీ తీరదు. కొనాలనిపిస్తే, ముందు ఎవరైనా వదిలేసింది ఉందేమో అడగండి. పెంచలేనివాళ్ళు కనీసం ఇంట్లో కనిపించిన మామూలు సాలీడునైనా చంపకుండా, గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క తోసి, తోటలో వదలండి. పిల్లల చేత కూడా అలాగే చేయించండి.